క్యారవాన్‌లో దీపం మసకబారితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ఐదు ప్రశ్నలూ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు పంపినవే. ఐదూ పాత క్యారవాన్లలోని 12 వోల్టుల వైరింగుకు, బ్యాటరీకి సంబంధించినవే. షాకు కొట్టదు కాబట్టి 12 వోల్టులంటే చాలామందికి లెక్క ఉండదు. కానీ 100 ఆంపియర్-అవర్ (అంటే 1 ఆంపియరు చొప్పున సుమారు 100 గంటలు ఇవ్వగల) బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పొరపాటున స్పానరు అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారి, ఆ ఇనుము చేతిలోనే ఎర్రబడుతుంది. అందువల్ల ఉంగరాలు, గాజులు, లోహపు గొలుసు ఉన్న వాచీ తీసి పక్కన పెట్టిన తరువాతే పని మొదలుపెట్టాలి. విప్పేటప్పుడు నెగెటివ్ వైరును ముందుగా విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. కింది జవాబులలో దీనిని మళ్లీ మళ్లీ చెప్పడం లేదు.

ప్రశ్న: మా మామయ్యగారు, నేను కలిసి వ్యాను ఛాసీ మీద బాడీ కట్టిన ఒక పాత క్యారవాన్ కొన్నాము. ఇంజనుకు ఒక బ్యాటరీ, లోపలి దీపాలకు, ఫ్యానుకు, నీటి పంపుకు 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ మరొకటి ఉన్నాయి. పంపు స్విచ్ వేయగానే లోపలి దీపాలన్నీ మసకబారుతున్నాయి, నీరు సన్నగా వస్తోంది. ఏడాది తిరగకుండా రెండుసార్లు ఆ రెండవ బ్యాటరీని మార్చాము. మీటరు పెడితే మాత్రం 12.7 వోల్టులు చూపిస్తోంది. దుకాణంలో మళ్లీ బ్యాటరీయే మార్చమంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఈ కింది కొలతలు పూర్తయ్యేవరకు మూడవ బ్యాటరీ కొనకండి. కొత్త బ్యాటరీ వేసిన మొదటి రోజున కూడా దీపాలు మసకబారాయా లేదా అన్నది మీరు వ్రాయలేదు. మసకబారి ఉంటే, దోషం బ్యాటరీలో లేదని ఆ రోజే తేలిపోయినట్లు.

లెడ్-యాసిడ్ బ్యాటరీని ఛార్జింగు ఆపి, ఏ లోడూ లేకుండా కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి చూస్తే, 12.7 వోల్టులు నిండు ఛార్జిని, 12.2 దాదాపు సగాన్ని, 11.9కి దిగితే ఖాళీ అవుతున్న బ్యాటరీని సూచిస్తాయి. ఛార్జరు తీసిన వెంటనే మీటరు పెడితే 13కు పైన కనిపించి మోసం చేస్తుంది. మీ 12.7 నిజమైనదే కావచ్చు, కానీ అది కరెంటు పారనప్పటి అంకె. వదులైన బోల్టు, తుప్పు పట్టిన లగ్గు (వైరు కొసకు నొక్కి బోల్టుకు బిగించే లోహపు ముక్క), సగం పోగులు తెగిన వైరు ఇవన్నీ కరెంటు పారనంతసేపూ సరిగా ఉన్నట్లే కనిపిస్తాయి, ఎందుకంటే కరెంటు లేనిదే వోల్టేజి పడిపోవడం అంటూ ఉండదు. కాబట్టి కొలత ఎప్పుడైనా పంపు నడుస్తుండగానే తీసుకోవాలి.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన ముక్క "దీపాలన్నీ" అన్న మాట. పంపు ఒక్కటే నీరసించి దీపాలు నిలకడగా వెలిగితే, లోపం పంపుకు మాత్రమే వెళ్లే వైరులో ఉన్నట్లు. పంపుతో పాటు దీపాలన్నీ మసకబారుతున్నాయంటే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే బ్యాటరీలో గాని, దాని టెర్మినళ్ల వద్ద గాని, మెయిన్ ఫ్యూజు వద్ద గాని, మెయిన్ ఎర్త్ బోల్టు (నెగెటివ్ వైర్లను బండి బాడీకి కలిపే బోల్టు) వద్ద గాని వోల్టేజి పోతున్నట్లు. వెతకవలసిన చోటు ఇప్పటికే నాలుగింటికి తగ్గింది.

పంపును నడిపించి, మల్టీమీటరు మొనలను బ్యాటరీ సీసపు ముడుల (టెర్మినళ్ల) మీదనే, వాటికి వైరును పట్టి ఉంచే క్లాంపుల మీద కాకుండా, ఆనించి చూడండి. చిన్న క్యారవాన్ పంపు సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆ మాత్రానికి 12.4 కంటే కిందికి దిగకూడదు. 11 వైపు జారిపోతే బ్యాటరీ పాడైనట్లే, దుకాణదారు చెప్పిందే నిజం. నిలబడితే, ఎర్ర మొనను పాజిటివ్ ముడి మీద, నల్ల మొనను అదే ముడికి బిగించిన క్లాంపు మీద పెట్టండి. రెండూ ఒకదానికొకటి తగులుతూ కనిపిస్తున్నా వాటి మధ్య 0.3, 0.5 వోల్టు చూపిస్తే, తెల్లటి పొడి కనిపించకపోయినా ఆ సందులో తుప్పు ఉందన్నమాట. ఇదే పద్ధతిలో ఎర్ర మొనను బ్యాటరీ పాజిటివ్ వద్దనే ఉంచి, నల్ల మొనను మెయిన్ ఫ్యూజుకు ఇవతల, అవతల, ఆపై స్విచ్ వద్ద, చివరకు పంపు పాజిటివ్ వైరు వద్ద పెడుతూ ముందుకు నడవండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో లోపం అక్కడే ఉంది. తరువాత నెగెటివ్ వైపు కూడా పంపు నల్ల వైరు నుంచి ఎర్త్ బోల్టుకు, అక్కడినుంచి బ్యాటరీ నెగెటివ్‌కు ఇలాగే రండి. ఈ రెండవ సగాన్ని మెకానిక్కులు తరచుగా వదిలేస్తారు, లోపం మాత్రం తరచుగా అక్కడే దొరుకుతుంది. రెండు వైపులా కలిపి పోయే వోల్టేజి అర వోల్టులోపే ఉండాలి.

ఇళ్లకు వైరింగు చేసే మంచి పనివాడు కూడా ఇక్కడ పొరబడడానికి కారణం ఉంది. 230 వోల్టులలో 1 వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టులలో 1 వోల్టు పోతే పన్నెండవ వంతు పోయినట్లు. పైగా కరెంటు ఎక్కువ పారుతుంది కాబట్టి, ఒక జాయింటులో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 10 ఆంపియర్ల దగ్గర 1 వోల్టు పోవడమే కాక 10 వాట్ల వేడి ఆ ఒక్క చోటనే పుడుతుంది. ప్లైవుడ్ వెనుక, టేపు చుట్టిన జాయింటులో ఆ వేడి ఏం చేయగలదో ఊహించుకోండి. అందుకే పంపు, ఫ్యాను అరగంట నడిచాక ఫ్యూజు పెట్టెను, లగ్గులను చేతి వెనుక భాగంతో తాకి చూడమని నేను అందరికీ చెబుతుంటాను.

వైరు మందం సంగతి కూడా చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు దాదాపు 0.012 ఓమ్ నిరోధం ఉంటుంది. పంపు బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 10 మీటర్లు, అంటే 0.12 ఓమ్; 6 ఆంపియర్లకు 0.7 వోల్టు దారిలోనే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అది 0.3 వోల్టులోపు ఉంటుంది. బాడీ కట్టేవారు దీపాలకు తెచ్చిన సన్నని వైరునే పంపుకు కూడా లాగేయడం మామూలే.

చివరిగా, రెండు బ్యాటరీలు ఏడాదిలోపు ఎందుకు పోయాయి? ఇంజను నడుస్తుండగా డైనమో వద్ద, రెండవ బ్యాటరీ వద్ద విడివిడిగా కొలవండి. అక్కడ 14.2 ఉండి ఇక్కడ 13.2 మాత్రమే చేరుతుంటే, రాయగడ నుంచి విశాఖ వరకు బండి నడిపినా ఆ బ్యాటరీ నిండదు. నిండకుండా నెలల తరబడి ఉన్న లెడ్-యాసిడ్ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, కొత్త బ్యాటరీ కూడా ముసలిదవుతుంది. పంపు దగ్గర మీకు కనిపిస్తున్న రోగమే ఛార్జింగు వైరులోనూ ఉండి, బ్యాటరీలను తినేసిందని నా అనుమానం. ఘాట్ రోడ్ల కుదుపులకు లగ్గుల బోల్టులు వదులవుతాయి. కొరాపుట్ వైపు తిరిగే బండికి ఏడాదికి రెండుసార్లైనా వాటన్నిటినీ బిగించుకోవాలి. పాడైన లగ్గును టేపుతో చుట్టవద్దు. వైరును మెరిసే రాగి కనిపించేదాకా కోసి, సరైన క్రింపింగు పరికరంతో కొత్త లగ్గు నొక్కించండి.

ప్రశ్న: వర్షాకాలమంతా మా క్యారవాన్ షెడ్డులోనే ఉంటుంది. అన్ని స్విచ్‌లూ ఆపే పెడతాము. అయినా రెండు మూడు వారాలలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతోంది, కొన్నిసార్లు ఇంజను బ్యాటరీ కూడా దిగి సెల్ఫ్ తీసుకోవడం లేదు. ఎక్కడో కరెంటు లీకవుతోందని మా బావమరిది అంటాడు. ఎలా కనిపెట్టాలి?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మీ బావమరిది మాట నిజమే కావచ్చు. అన్నీ ఆపిన తరువాత రెండవ బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, ఎర్ర తీగను కూడా మీటరులోని ఆ ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొనను విప్పిన వైరుకు, మరొక మొనను బ్యాటరీ నెగెటివ్ ముడికి కలపండి. మీటరు అలా ఉండగా పంపు గాని సెల్ఫ్ గాని వేయకూడదు. ఆంపియర్ల స్థానంలో ఉన్న మీటరును బ్యాటరీ రెండు ముడుల మధ్య ఎప్పుడూ పెట్టకూడదు. కొన్ని పరికరాలు నిద్రలోకి జారుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతవరకు ఆగి అంకె చూడండి.

50 మిల్లీ ఆంపియర్లు అంటే వినడానికి ఏమీ కాదు. కానీ రోజుకు 1.2 ఆంపియర్-అవర్, నెలకు 36. మీది రెండు మూడు వారాలలోనే దిగిపోతోంది కాబట్టి అంతకంటే చాలా ఎక్కువే కనిపించాలి. ఇప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ రండి. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోయిందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. నా అనుభవంలో మొదటి అనుమానం ఇన్వర్టరు మీద. దానికి ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో మరచిపోతే అర ఆంపియరు నుంచి ఒక ఆంపియరు దాకా తాగుతుంది. 1 ఆంపియరు చొప్పున రోజుకు 24 ఆంపియర్-అవర్, అంటే 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి నాలుగు రోజుల పని. చాలా ఇన్వర్టర్లు నేరుగా బ్యాటరీకే బిగించి ఉంటాయి కాబట్టి ఫ్యూజు పెట్టెలో వెతికితే దొరకవు. ఆ తరువాత మ్యూజిక్ సిస్టం మెమరీ వైరు, జీపీఎస్ ట్రాకరు, గ్యాస్ లీకేజి అలారం, అల్మరా లోపల తలుపు మూసినా ఆరని చిన్న దీపం.

ఇంజను బ్యాటరీ కూడా దిగుతోందన్నారు కాబట్టి, రెండు బ్యాటరీలను కలిపే రిలేను తప్పకుండా చూడాలి. ఇంజను నడిచేటప్పుడు మాత్రమే అది రెండింటినీ కలిపి, ఆగాక విడదీయాలి. ఇంజను ఆపి పావుగంట తరువాత రెండు బ్యాటరీల వోల్టేజి కొలవండి. లోపలి దీపాలు కొంతసేపు వేసి మళ్లీ కొలవండి. రెండు అంకెలూ ఒకదాని వెంట ఒకటి దిగుతుంటే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి, దానిని మార్చడమే తప్ప బాగుచేయడం లేదు.

లీకు ఏదీ కనిపించకపోతే బ్యాటరీ పైభాగాన్నే పరీక్షించండి. మీటరును వోల్టుల స్థానంలోకి, ఎర్ర తీగను దాని మామూలు రంధ్రంలోకి మార్చి, నల్ల మొనను నెగెటివ్ ముడి మీద ఉంచి ఎర్ర మొనను ప్లాస్టిక్ మూత మీద నెమ్మదిగా లాగితే, మురికిగా, తేమగా ఉన్న మూత మీద వోల్టేజి కనిపిస్తుంది. యాసిడ్ కలిసిన ఆ దుమ్ము గుండా బ్యాటరీ తనను తానే ఖాళీ చేసుకుంటుంది. మూతలు గట్టిగా బిగించి, వేడినీటిలో కలిపిన వంట సోడాతో తుడిచి, మంచినీటితో కడిగి, ఆరబెట్టండి. ఆ సోడానీరు లోపలికి ఒక్క చుక్క కూడా పోకూడదు. శుభ్రమైన బ్యాటరీ కూడా వాడకుండా ఉంటే కొంత కొంత దిగుతుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగుడు వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి షెడ్డులో పెట్టే ముందు నిండా ఛార్జి చేసి, మెయిన్ ఐసొలేటర్ స్విచ్ ఒకటి బిగించుకుని దానితో మొత్తం విడదీసి, నెలకొకసారి ఛార్జరు తగిలిస్తే మీ ఇబ్బంది తీరుతుంది.

ప్రశ్న: మేము తరచుగా గోపాల్‌పూర్ వెళ్లి సముద్రం దగ్గరే బండి నిలుపుకుంటాము. ఈ మధ్య ఫ్యాను వేస్తే పక్కనున్న చదువు దీపం దానంతట అదే మిణుకుమంటోంది. వెనుక ఇండికేటరు వేస్తే బ్రేకు దీపం కూడా దానితో పాటు వెలిగి ఆరుతోంది. స్విచ్‌లు మార్చినా ఫలితం లేదు.
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: స్విచ్‌ల దోషం కాదమ్మా, ఎర్త్ దోషం. ఇండికేటరుకు తిరుగు దారి మూసుకుపోయినప్పుడు, ఆ కరెంటు పక్కనున్న బ్రేకు దీపం గుండా దారి వెతుక్కుని బ్యాటరీ నెగెటివ్‌కు చేరుతుంది. ఒకటి వేస్తే మరొకటి వెలిగే వింతలన్నిటికీ కారణం ఇంచుమించు ఇదే. నిర్ధారించుకోవడానికి ఒక పొడవైన వైరు చాలు. దాని ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు బిగించి, రెండవ కొసను వెనుక దీపం నెగెటివ్ వైరుకు తాకించండి. వింత ఆగిపోతే లోపం దొరికినట్లే. ఫ్యాను దగ్గరా అలాగే చేయండి.

ఉప్పుగాలి బోల్టు పైన కంటే కింద ఎక్కువ పని చేస్తుంది. ఎర్త్ బోల్టును విప్పి, కింద ఉన్న పెయింటును, తుప్పును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తరువాత పైన వ్యాజిలీన్ పూయండి. అల్యూమినియం రేకును ఇనుప ఫ్రేముకు కలిపిన చోటును ఎర్త్‌గా వాడుకుని ఉంటే, ఉప్పుతేమలో ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినుకుపోతూనే ఉంటుంది, మీరు ఎన్నిసార్లు గీకినా మళ్లీ వస్తుంది. అలాంటి చోట్ల బాడీని నమ్ముకోకుండా, వెనుక దీపాలకు, ఫ్యానుకు బ్యాటరీ నెగెటివ్ నుంచి విడిగా ఒక వైరు లాగించుకోవడమే నా సలహా. ఖర్చు కొంత పెరుగుతుంది కాని సముద్రపు బండికి అది వృథా కాదు. వైరు కోసినప్పుడు లోపలి రాగి ఆకుపచ్చగా గాని, నల్లగా గాని ఉంటే ఇంకా వెనక్కి కోయాలి. కొత్త వైరు కొనేటప్పుడు తగరపు పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే తీసుకోండి.

ప్రశ్న: వాన పడినప్పుడల్లా పైకప్పు ఫ్యాను ఫ్యూజు పోతోంది. పది ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో మా తమ్ముడు ముప్పై వేశాడు. ఇప్పుడు పోవడం లేదు. ఇలా ఉంచవచ్చా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఈ రోజే తీసేయండి. ఫ్యూజు ఫ్యానును కాపాడడానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడడానికి. బ్లేడు ఫ్యూజులలో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు ఉండవలసిన చోట ఆకుపచ్చ కనిపిస్తే వైరే ఫ్యూజుగా మారి, చుట్టూ ఉన్న చెక్కతో సహా అంటుకుంటుంది.

షార్టు వెతకడానికి ఫ్యూజులను వరుసగా కాల్చుకోనక్కరలేదు. ఫ్యాను వైర్లను విప్పి, ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బును రెండు వైరు ముక్కలతో తగిలించండి. షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, వైరులో 2 ఆంపియర్లకు మించి పారదు. ఇక వైరును చోటు చోటునా కదిలిస్తూ, కప్పు మీద కొద్దిగా నీరు పోసి చూస్తూ, బల్బు ఎక్కడ మినుకుమందో గమనించండి. రేకుకు వేసిన రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరుకు తగలకుండా పెట్టే వలయం) లేక వైరు తొడుగు కోసుకుపోయి ఉండడం, ఆ సందులోకి వాననీరు దిగడం ఇలాంటి ఫిర్యాదుల్లో తరచుగా బయటపడే కారణం. వైరు ముక్కను మార్చి, గ్రోమెట్ వేసి, సీలెంటు పెట్టి, మళ్లీ ఎర్ర ఫ్యూజే పెట్టండి.

ప్రశ్న: ఇంటి ఇన్వర్టరుకు వాడిన ట్యూబ్యులర్ బ్యాటరీని క్యారవాన్‌లో మంచం కింద పెట్టి, పాత ఛార్జరుతో ఛార్జి చేస్తున్నాము. రాత్రంతా ఛార్జి పెట్టినా నిండినట్లు చూపడం లేదు, కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. దీని బదులు లిథియం బ్యాటరీ వేసుకోమంటారా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: వాసన విషయం మొదట. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. బ్యాటరీ మితిమీరి వేడెక్కి ఉడుకుతోందనడానికి గుర్తు. దానితో పాటు వాసన లేని హైడ్రోజన్ కూడా వస్తుంది; అది గాలిలో 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. క్యారవాన్‌లో దాని మీద మీరు పడుకుంటున్నారు. తలుపులన్నీ తెరిచి, దీపం స్విచ్ కూడా ముట్టకుండా, ఛార్జరు ప్లగ్గును బండి బయట ఉన్న సాకెట్ వద్దనే తీసి, బ్యాటరీ చల్లారేవరకు లోపలికి వెళ్లకండి.

రాత్రంతా ఛార్జి చేసినా నిండకపోవడానికి, వాసనకు కారణం చాలావరకు ఒకటే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. ఒకటి లోపల షార్టయితే మిగిలిన ఐదే 10.5 వోల్టుల దగ్గర ఉంటాయి. పాతకాలపు ఛార్జరుకు ఆ తేడా తెలియదు, 14.4 వోల్టులు వస్తేనే నిండినట్లని ఎదురుచూస్తూ కరెంటును పంపుతూనే, ఆ ఐదు సెల్లులను ఉడకబెడుతుంది. చల్లారిన తరువాత బ్యాటరీని బయటకు తెచ్చి, హైడ్రోమీటరుతో ఆరు సెల్లుల యాసిడ్ సాంద్రత చూడండి. ఒకటి మిగతావాటికంటే 0.050 లేదా అంతకు మించి తక్కువగా ఉంటే ఆ బ్యాటరీ ఇక పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్ పోసినా, యాసిడ్ పోసినా బాగుపడదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు తక్కువ, వాయువులు వెలువడవు, సగానికి మించి వాడుకున్నా పాడవదు. డబ్బు పెట్టగలిగితే వేసుకోవచ్చు. అయితే మీ పాత ఛార్జరును దానికి తగిలించవద్దు, లిథియం కోసం చేసిన ఛార్జరు విడిగా కొనాలి. ఇంజను నుంచి ఛార్జి చేయాలంటే నేరుగా కలపక, మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జరు పెట్టించాలి, లేకపోతే ఆ బ్యాటరీ ఆపకుండా లాగే కరెంటుకు డైనమో వేడెక్కి కాలిపోవచ్చు. దాని వోల్టేజి చాలాసేపు 13 చుట్టూ కదలకుండా నిలిచి చివరలో గబుక్కున పడిపోతుంది కాబట్టి, ఎంత మిగిలిందో మల్టీమీటరుతో తెలియదు, అందుకు షంటు (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును కొలిచే ముక్క) ఉన్న మానిటరు కావాలి. ఇవన్నీ కలిపి ఖర్చు లెక్క వేసుకున్న తరువాత మళ్లీ ట్యూబ్యులరే మేలనిపిస్తే, దానిని నిద్రించే చోటికి వేరుగా, బయటి గాలి ఆడే మూతపెట్టెలో, కింద కదలకుండా పట్టీతో బిగించి పెట్టించుకోండి.